గట్టు మీంచి ఒక చూపు, నింగి నుంచి ఒక చూపు

గుడివాడలో బస్సెక్కి ముదినేపల్లి మీదుగా కైకలూరు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా నీళ్ళే. అన్నీ చేపల చెరువులు. గట్ల మీద కొబ్బరి చెట్లు, నీళ్ళలో పాతిన కర్రలకు వేలాడే మేత సంచులు, ఎక్కడో ఓ మూల కాపలాదారు పాక. ఆగి ఒక గట్టెక్కితే ఆ ఒక్క చెరువు గురించి ఎంతైనా తెలుసుకోవచ్చు. శీలావతి ఎంత బరువుకు వచ్చింది, తవుడు బస్తా ధరెంత, లీజు ఎవరికి కడుతున్నారు, పట్టుబడి నాడు వల లాగేవాళ్ళకు ఎంత ముడుతుంది, అన్నీ చెప్పేవాళ్ళు అక్కడే ఉంటారు. అదే నేలను ఏడెనిమిది వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి చూసే ఉపగ్రహానికి ఈ మాటలేవీ వినబడవు. కానీ గట్టు మీద నిలబడ్డ మనిషికి ఎంతసేపు చూసినా కనబడనిది ఒకటి దానికి కనిపిస్తుంది. ఇలాంటి చెరువులు వెయ్యికి పైగా చేరి కొల్లేరనే ఒక మహా సరస్సును ఎలా కమ్మేశాయో అది ఒక్క బొమ్మలో చూపిస్తుంది.

విశ్వవిద్యాలయంలో పరిశోధనకు దిగే విద్యార్థి మొదట తడబడేది ఈ రెండు చూపుల మధ్యనే. దూరంగా నిలిచి మొత్తాన్ని చూడడం స్థూల దృష్టి. దగ్గరికి వెళ్ళి ఒక ఊరినో, ఒక ఇంటినో చూడడం సూక్ష్మ దృష్టి. పాఠంలో ఇవి రెండు నిర్వచనాలు, పరీక్షకు చదువుకుంటే సరిపోతుంది. ఈ రెండింటినీ ఒకే చేతిలో పట్టుకోవడం మాత్రం అంత తేలిగ్గా రాలేదు. దాని వెనక దాదాపు వందేళ్ళ కథ ఉంది. అందులో మన డెల్టా పల్లెలకూ, చివరికి మన కొల్లేటికీ చోటుంది.

కథ మద్రాసులో మొదలవుతుంది. 1915లో గిల్బర్ట్ స్లేటర్ అనే ఆంగ్లేయుడు మద్రాసు విశ్వవిద్యాలయానికి భారత ఆర్థికశాస్త్రంలో తొలి ఆచార్యుడిగా వచ్చాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటికింకా పుట్టలేదు, దానికి మరో పదకొండేళ్ళు పట్టింది. కృష్ణా గోదావరి తీరాల కుర్రాళ్ళు పట్టా పుచ్చుకోవాలంటే మద్రాసు విశ్వవిద్యాలయమే దిక్కు. స్లేటర్ ఆక్స్‌ఫర్డ్‌లో శ్రామికుల చదువు కోసం నడిచే రస్కిన్ కళాశాలకు అధిపతిగా పనిచేసి వచ్చినవాడు. ఇంగ్లండులో ఉమ్మడి పొలాలకు కంచెలు పడ్డప్పుడు అక్కడి రైతుల బతుకు ఏమైందో పుస్తకం రాసినవాడు. రైతు అనే మాట వింటే ఆయనకు పట్టికలు కాక మనుషులు గుర్తుకొచ్చేవారని ఆయన చేసిన పనే చెబుతుంది.

ఆనాటి ప్రభుత్వం దగ్గర కాగితాలకు కొదవలేదు. పదేళ్ళకోసారి జనాభా లెక్కలు, జిల్లాకో గెజిటీరు, శిస్తు లెక్కలు, పంటల అంచనాలు, ధరల పట్టికలు బీరువాల నిండా ఉండేవి. ఒక జిల్లాలో ఎన్ని ఎకరాల వరి పండుతుందో అవి చెప్పగలవు. ఒక పాలేరుకు ఏడాదిలో ఎన్ని నెలలు కడుపు నిండుతుందో, కూతురి పెళ్ళికి చేసిన అప్పు ఎన్నేళ్ళకు తీరుతుందో అడిగితే మాత్రం నోరు మెదపవు. ఆ జవాబులు ఊళ్ళల్లో ఉన్నాయి. ఆ ఊళ్ళకు వెళ్ళి అడుగుదామంటే స్లేటర్ పరదేశి. మాట తెలియదు, మర్యాద తెలియదు, ఎవరి గుమ్మం ముందు ఎలా నిలబడాలో తెలియదు.

దారి ఆయన ఎదురుగా బెంచీల మీదే కూర్చుని ఉంది. ఆ కుర్రాళ్ళలో పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు. స్లేటర్ ఒక ప్రశ్నల జాబితా తయారుచేసి వాళ్ళ చేతికిచ్చాడు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊరినే చదివి రండి అన్నది ఆయన పెట్టిన పని. పొలం ఎవరిది, కౌలు ఎంత, కూలి ఎంత, అప్పు ఎక్కడ, బావి ఎవరిది, బడి ఉందా అని వాళ్ళు అడిగారు, రాసుకొచ్చారు. అలా చేరినవాటిని కూర్చి 1918లో ఆయన 'కొన్ని దక్షిణ భారత గ్రామాలు' అనే అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషు పుస్తకం తెచ్చాడు. మన దేశంలో విద్యార్థుల చేత చేయించిన గ్రామ పరిశోధనల్లో అది తొలి అడుగుల్లో ఒకటి.

ఆ తొలి అడుగులోనే రెండు చిక్కులు దాగున్నాయి. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలని మన ఇళ్ళల్లో అంటారు. కుండలో అన్నమంతా ఒకే మంట మీద, ఒకే నీటిలో ఉడికింది కాబట్టి ఆ మాట చెల్లుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలోని ఊళ్ళన్నీ ఒకే కుండలో ఉడికినవి కావు. కాలవ కింది ఊరు వేరు, మెట్ట ఊరు వేరు, కొల్లేటి లంక మరీ వేరు. ఏ ఊరి పిల్లవాడికి చదువు అబ్బిందో ఆ ఊరే పుస్తకంలోకి ఎక్కితే, అది మిగతా వేల ఊళ్ళ తరఫున మాట్లాడగలదా? ఇక రెండో చిక్కు. సొంత ఊళ్ళో విద్యార్థికి అన్ని గుమ్మాలూ ఒకేలా తెరుచుకోవు. తన వీధి అరుగు మీద కూర్చుంటే వినబడే మాటలు కొన్ని, ఊరి చివరి పేటలో మాత్రమే వినబడేవి కొన్ని. దగ్గరి చూపుకు కూడా గుడ్డి మూల ఉంటుందని తెలియడానికి కాలం పట్టింది.

అయినా ఆ పని వృథా పోలేదు. 1936-37లో పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్‌ల ఆధ్వర్యంలో మద్రాసు విశ్వవిద్యాలయం మళ్ళీ ఆ ఊళ్ళ తలుపు తట్టింది. ఆ పునఃపరిశీలన 1940లో పుస్తకమైంది. ఆ ఊళ్ళలో ఒకటైన తమిళనాటి ఇరువేల్పట్టును 1981లోనూ, 2008లోనూ కూడా పరిశోధకులు వెతుక్కుంటూ వెళ్ళారు. 1916 నాటి విద్యార్థి నోటు పుస్తకం దాదాపు శతాబ్దం పాటు కొలబద్దగా నిలిచింది. ఒక్క మెతుకు కుండంతటి సంగతి చెప్పలేకపోయినా, అదే ఊరికి మళ్ళీ మళ్ళీ వెళ్తే కాలం ఎటు నడుస్తోందో చెప్పగలదని తేలింది.

ఈలోగా మన డెల్టా నుంచి ఒక యువకుడు ఆక్స్‌ఫర్డ్ వెళ్ళాడు. నిడుబ్రోలులో 1900లో రైతు కుటుంబంలో పుట్టిన గోగినేని రంగనాయకులు, తర్వాతి కాలంలో తెలుగువాళ్ళందరికీ ఆచార్య రంగా. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల నుంచి బయల్దేరిన ఆయన 1926లో ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రంలో పరిశోధన పట్టా అందుకున్నాడు. ప్రపంచ వాణిజ్యం గురించీ, బంగారం ధరల గురించీ చదివే చోట కూర్చుని ఆయన మనసు పెట్టింది మన పల్లెల మీద. భారతీయ గ్రామాల ఆర్థిక నిర్మాణం మీద ఆయన రాసిన పుస్తకం మొదటి సంపుటం అదే ఏడు వచ్చింది. అది డెల్టా గ్రామాల గురించే.

ఆ దగ్గరి చూపుకు త్వరలోనే గట్టి పరీక్ష ఎదురైంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టా పచ్చబడింది. పంట పెరిగింది, ధరలు పెరిగాయి, భూమి విలువ పెరిగింది. దూరం నుంచి చూసిన ప్రభుత్వానికి డెల్టా అంతా కళకళలాడుతూ కనిపించింది. 1920ల చివర శిస్తును రూపాయికి మూడణాలు, అంటే నూటికి 18.75 చొప్పున పెంచడానికి పూనుకుంది. పట్టికల ప్రకారం అందులో తప్పు లేదు. ఇంటింటి లెక్కలో మాత్రం మరో సంగతి ఉంది. పంట పండినా అందులో వడ్డీకి పోయేదెంత, కౌలుకు పోయేదెంత, గింజ అమ్మే నాటికి ధర ఎక్కడుంది? సగటు రైతు అనే మనిషి ఏ ఊళ్ళోనూ లేడు. పదెకరాల ఆసామీ, కౌలుకు చేసేవాడు, కూలికి పోయేవాడు మాత్రమే ఉన్నారు. డెల్టా రైతులు తిరగబడ్డారు, రంగా వాళ్ళతో నిలిచాడు. చివరికి ప్రభుత్వం ఆర్థిక విచారణ సంఘాన్ని వేయవలసి వచ్చింది. మొత్తం లెక్క నిజమైనా, దాని కింద నలిగే మనిషిని అది దాచేయగలదని కృష్ణా గోదావరి రైతులు అనుభవంతో తెలుసుకున్నారు.

1933లో నార్వే ఆర్థికవేత్త రాగ్నర్ ఫ్రిష్ ఒక వ్యాసంలో ఆర్థిక వ్యవస్థను విడివిడి భాగాలుగా చూసే పద్ధతినీ, మొత్తంగా చూసే పద్ధతినీ వేరుచేసి పేర్లు పెట్టాడు. సూక్ష్మం, స్థూలం అనే ఆ జంట అక్కడి నుంచే తరగతి గదుల్లో స్థిరపడుతూ వచ్చింది. పేర్లయితే కుదిరాయి, వాటి మధ్య వంతెన ఇంకా లేదు. ఏ మెతుకును పట్టి చూస్తే కుండంతా తెలుస్తుందన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

దానికి జవాబు కలకత్తాలో దొరికింది. 1937 ప్రాంతాల నుంచి ప్రశాంతచంద్ర మహలనోబిస్ బెంగాల్లో జనపనార సాగు ఎంతో అంచనా కట్టే పని పట్టుకున్నాడు. ప్రతి పొలాన్నీ కొలవడం చేతనయ్యే పని కాదు. తెలిసిన పొలాలు చూసి వస్తే అది అందరి సంగతీ కాదు. అందుకని ఏ పొలం చూడాలో మనిషి ఇష్టానికి వదలకుండా చీటీలు వేసినట్టు ఎంచుకోవాలి. అలా ఎంచుకున్న కొద్ది చోట్లకే వెళ్ళి బాగా దగ్గరగా చూడాలి. అప్పుడు ఆ కొద్దిపాటి చూపు మొత్తానికి ఎంత దగ్గరగా ఉందో, ఎంత తప్పుండవచ్చో కూడా లెక్క కట్టొచ్చు. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే ఈ బాటలోనే నడిచింది.

మహలనోబిస్ కలకత్తాలో నడిపిన గణాంక సంస్థకు ఒక తెలుగు కుర్రాడు చేరిన తీరు చూస్తే కాకతాళీయం ఎంత పని చేస్తుందో అర్థమవుతుంది. సి.ఆర్. రావు నూజివీడులోనూ, నందిగామలోనూ, విశాఖలోనూ బడి చదువులు చదివాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. పూర్తిచేసి ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళాడు. సైన్యం సర్వే విభాగంలో కొలువు కోసం వెళ్తే అది దక్కలేదు. దిగిన హోటల్లో పరిచయమైన ఒకాయన గణాంక సంస్థలో శిక్షణ పొందుతున్నానని చెప్పాడు. చూసి వద్దామని వెళ్ళిన రావు 1941లో అక్కడే చేరిపోయాడు. ప్రపంచం గర్వించే గణాంకవేత్త అలా, చేజారిన ఉద్యోగం వెంబడి దొరికాడు. విడి కొలతల గుట్టలోంచి మొత్తం గురించి ఎంత నమ్మకంగా మాట్లాడవచ్చో చెప్పే గణితానికి ఆయన జీవితమంతా ఇచ్చాడు.

కింది నుంచి పైకి దారి పడింది. మరి పై నుంచి కిందికి? మొత్తం గురించి తెలిసినదాన్ని ఒక్కొక్క మనిషికీ అంటగట్టవచ్చా? అందరూ ఫరవాలేదనుకుంటున్న రోజుల్లో, 1950లో, విలియం రాబిన్సన్ అనే అమెరికన్ ఒక చిన్న వ్యాసం రాశాడు. 1930 నాటి అమెరికా జనాభా లెక్కలు తీసుకుని, పరదేశాల నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళకూ నిరక్షరాస్యతకూ సంబంధం ఏమిటని చూశాడు. రాష్ట్రాల లెక్కలో ఆ సంబంధం మైనస్ 0.53. వలస వచ్చినవాళ్ళు ఎక్కువున్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యులు తక్కువ అన్నమాట. కొన్నేసి రాష్ట్రాలను కలిపి పెద్ద మండలాలుగా చూస్తే అది మైనస్ 0.62కు పోయింది. విడివిడి మనుషుల లెక్కలో చూస్తే ప్లస్ 0.12. గుర్తే తిరగబడింది. అక్కడే పుట్టినవాళ్ళలో కంటే వలస వచ్చినవాళ్ళలో నిజానికి చదువు రానివాళ్ళు కొంచెం ఎక్కువ. అయితే వాళ్ళు పనులు వెతుక్కుంటూ స్థిరపడింది అప్పటికే చదువుకున్న జనం ఎక్కువున్న రాష్ట్రాల్లో. దూరం పెరిగిన కొద్దీ బొమ్మ మరింత స్పష్టంగా కనిపించింది, మరింత తప్పుగా కూడా.

గుంపు ఎలా కడితే లెక్క అలా మారుతుందన్న ఈ సంగతి అర్థం కావడానికి ముదినేపల్లి వాళ్ళు అమెరికా దాకా వెళ్ళనక్కరలేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో ముదినేపల్లి, కైకలూరు, మండవల్లి, కలిదిండి మండలాలు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. ఒక్క చెరువు గట్టు కూడా అంగుళం కదల్లేదు. ఒక్క చేప కూడా ఎక్కువ ఈదలేదు. కానీ నిన్న ఒక జిల్లా సగటులో కలిసిన చెరువులు నేడు ఇంకో జిల్లా సగటులోకి చేరాయి. రెండు జిల్లాల అంకెలను పాత అంకెలతో పోల్చే విద్యార్థి ఈ గీత మార్పు చూసుకోకపోతే, జరగని విప్లవాన్ని జరిగిందని సిద్ధాంత వ్యాసంలో రాసేస్తాడు.

మన వైపు మరో ప్రయత్నం ఉస్మానియాలో జరిగింది. 1951-52లో ఆ విశ్వవిద్యాలయం హైదరాబాదుకు దగ్గర్లో ఉన్న శామీర్‌పేటలో సామాజిక సేవా విస్తరణ పథకం చేపట్టింది. శ్యామాచరణ్ దూబే అనే యువ అధ్యాపకుడు ఆ ఊరిని అధ్యయనం చేయించాడు. స్లేటర్ కాలంలో ఒక ఊరికి ఒక విద్యార్థి వెళ్ళాడు. ఇక్కడ వేరు వేరు శాఖలవాళ్ళు కలిసి ఒకే ఊరికి వెళ్ళారు. పశువుల సంగతి చూసే కళ్ళు, ఆరోగ్యం చూసే కళ్ళు, కుల కట్టుబాట్లు గమనించే కళ్ళు ఒకే చోట కలిశాయి. ఒకరి గుడ్డి మూల ఇంకొకరికి కనిపించే వీలు దొరికింది. 1952 అక్టోబరు 2న దేశంలో సమాజ వికాస పథకం మొదలైంది. ఢిల్లీలో గీసిన పథకం ఊరి గుమ్మంలో ఎలా అడుగుపెడుతుంది, ఎక్కడ జారుతుంది అని అడిగేవాళ్ళకు దూబే 1955లో తెచ్చిన పుస్తకం చేతికి అందింది.

ఇక కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్ళెంలా ఉన్న పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీళ్ళను పట్టుకుని, ఉప్పుటేరు దారిన సముద్రానికి వదులుతుంది. తాటి దోనెల మీద తిరుగుతూ, మావులు పెట్టి చేపలు పట్టే లంక గ్రామాల వడ్డీ కులం మత్స్యకారులకు ఆ నీటి ప్రతి మలుపూ తెలుసు. 1976లో ప్రభుత్వం మత్స్యకారుల, పేదల సహకార సంఘాలకు సరస్సులో చేపల చెరువులు ఇచ్చింది. ఉద్దేశం పేదవాడికి ఆసరా ఇవ్వడం. 1990ల నాటికి చేపల సాగు లాభసాటి వ్యాపారమై, గట్టు పక్కన గట్టు లేచింది. ఊళ్ళో ఒక్కొక్కరికీ తెలిసిన మార్పు పక్క చెరువు వచ్చిందన్నంత మేరకే. మొత్తం ఎంత పోయిందో ఏ ఒక్కరూ చూడలేదు, చూసే వీలు లేదు.

చూసింది ఆంధ్ర విశ్వవిద్యాలయం. కె. నాగేశ్వరరావు, జి. మురళీకృష్ణ, బి. హేమమాలిని 2001లో మన ఉపగ్రహం తీసిన చిత్రాన్ని కంప్యూటరులో విడమర్చి చదివారు. ఆ చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద ఇరవై మూడున్నర మీటర్ల చదరం. 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో నూటికి 42 వంతులు చేపల చెరువులే ఉన్నాయి. మరో ఎనిమిదిన్నర వంతులు వ్యవసాయం కింద పోయాయి. 1050 చెరువులు, ఎండిపోయినవి ఇంకో 38, అన్నీ కలిపి 103 చదరపు కిలోమీటర్లు. మిగిలినది కిక్కిస, గుర్రపుడెక్క. తేటగా కనిపించే సరస్సు ఆ చిత్రంలో ఎక్కడా లేదు. 2004లో ఆ ఫలితం అచ్చయినప్పుడు, కొల్లేరు మాయమవుతోందన్న మాట దాని పేరులోనే పెట్టారు. గట్టు మీద వెయ్యిమంది వెయ్యేళ్ళు నిలబడినా చెప్పలేని మాట అది.

ఆ చిత్రం చెప్పలేని మాట ఇంకొకటి ఉంది. ఆ 1050 చెరువుల్లో ఏది లంక గ్రామపు సంఘం సొంతంగా సాగు చేసుకుంటున్నది? ఏది పేరుకు సంఘానిదై, నిజానికి దూరపు పెట్టుబడిదారు లీజులో ఉన్నది? ఉపగ్రహానికి రెండూ ఒకే రంగు నీళ్ళు. సరస్సును 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అది రామ్‌సర్ చిత్తడి నేలల పట్టికకెక్కింది. 2006లో ఐదో కాంటూరు అనే ఎత్తు గీత లోపలి గట్లను యంత్రాలు పడగొట్టాయి. గీత ఒక్కటే, అందరికీ ఒకేలా పడింది. దాని దెబ్బ మాత్రం అందరికీ ఒకేలా తగల్లేదు. లీజుదారు ఇంకో చోట చెరువు వెతుక్కోగలడు, లంకలో పుట్టినవాడికి వేరే నేల లేదు. 2008లో ఆ గీతను మూడో కాంటూరుకు తగ్గించాలని శాసనసభ తీర్మానించింది. సరస్సు బతకాలన్న మాటా నిజమే, జనం బతకాలన్న మాటా నిజమే. ఏ గట్టు తీస్తే నీరు ఉప్పుటేరు వైపు నడుస్తుందో, ఏ గట్టు తీస్తే ఒక పేట పస్తుంటుందో తెలియాలంటే ఒకే కాగితం మీద రెండు చూపులూ ఉండాలి.

ఇప్పుడు ఆ కాగితం తయారుచేయడం ముదినేపల్లి నుంచి ఏలూరుకో, విశాఖకో చదువుకు వెళ్ళిన అమ్మాయికైనా అబ్బాయికైనా చేతనయ్యే పనే. ఉపగ్రహ చిత్రం నేడు చేతి ఫోనులో దొరుకుతుంది. దాని మీద చీటీలు వేసినట్టు ఊళ్ళను ఎంచుకునే పద్ధతి మహలనోబిస్ ఇచ్చి వెళ్ళాడు. జిల్లా అంకెను మనిషి మీద రుద్దవద్దని రాబిన్సన్ హెచ్చరించాడు. ఒంటరిగా కాక నలుగురు నాలుగు శాఖల నుంచి వెళ్ళడంలో ఉన్న బలం శామీర్‌పేట చూపించింది. మిగిలింది ఆ చిత్రంలో ఒక నీలపు చుక్కను పట్టుకుని, దాని గట్టు దాకా నడిచి వెళ్ళడం. అక్కడున్నవాళ్ళను బాబాయ్, పిన్నీ అని పలకరించి, చెరువు తవ్వక ముందు ఇక్కడ నీరు ఎటు పారేదని అడగడం.

నూరేళ్ళ కిందట స్లేటర్ తన విద్యార్థులకు పెట్టిన పని ఇంకా పూర్తికాలేదు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊరినే చదివి రండి. ఈసారి మాత్రం ఊరంతా కనిపించే ఆ చిత్రాన్ని మడిచి జేబులో పెట్టుకుని, సొంత అరుగు దగ్గర ఆగకుండా ముందు ఊరి చివరి పేటకు వెళ్ళండి.